గుండ్ల నడుమ దారి

అరకు కొండ ఊరు, హార్స్‌లీ హిల్స్ కొండ ఊరు, ఊటీ సరే సరి. ఆ వరసలో హైదరాబాద్ పేరు ఎవరూ చెప్పరు. నేను చెప్తాను. గోల్కొండ కోట గోడ దాటి ఉత్తరానికి, పడమరకు తిరిగితే షేక్‌పేట, రాయదుర్గం, ఖాజాగూడ, మాదాపూర్, గచ్చిబౌలి, అంతా గుట్టల నేలే. నగరం సగటున సముద్ర మట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంటే, బంజారాహిల్స్‌లో అది 670 మీటర్లు దాటుతుంది. అరకు చలి ఇక్కడ ఉండదు, ఊటీ మంచు ఉండదు. ఇక్కడున్నంత రాయి మాత్రం అక్కడ దొరకదు.

ఈ గుట్టలు చూడడానికి వచ్చినవాళ్లు ఏ కాలంలో ఎట్లా తిరిగారన్నది నాకు చిన్నప్పటి నుంచీ పట్టుకున్న విషయం. మా నాయిన వడ్డెర. పాలమూరు నుంచి రాయి పనికి వచ్చి మాదాపూర్ గుట్టల పక్కన గుడిసె వేసుకున్నాడు. నేను ఆ గుడిసెలో పెరిగాను. ఇప్పుడు సర్కారు బళ్లో సోషల్ చెప్తున్నాను. సెలవు రోజుల్లో బడి పిల్లలనో, ఊరి నుంచి వచ్చిన చుట్టాలనో వెంటబెట్టుకొని ఈ గుండ్ల మధ్య తిప్పుతాను. అట్లా తిప్పుతూ, పాత సంగతులు చదువుతూ, నాకు ఒకటి రూఢి అయింది. ఈ కొండల్లోకి దారి బాగుపడిన ప్రతిసారీ కొండ కొంత తగ్గింది.

ముందు రాయి గురించి చెప్పాలి. ఈ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి లోతున కరిగి ఉన్న పదార్థం మెల్లగా చల్లారి గట్టిపడింది. పైనున్న పొరలన్నీ కోట్ల ఏళ్లలో అరిగి కొట్టుకుపోయాక బయటపడింది. రాయిలో నిలువు పగుళ్లు, అడ్డ పగుళ్లు ఉంటాయి. వాన నీరు వాటిలోకి దిగి ముందు మూలలను తింటుంది. చదరంగా ఉన్న దిమ్మ గుండ్రమవుతుంది, పై పెచ్చులు ఉల్లిపొరల్లా ఊడుతాయి. సందుల్లో నలిగిన మట్టి వానలకు జారిపోతుంది, గుండు మీద గుండు అట్లాగే నిలిచిపోతుంది. ‘ఎవరు పెట్టిండ్రు సార్ ఇవన్నీ?’ అని పిల్లలు అడుగుతారు. ‘భీముడు పెట్టిండంట, మా తాత చెప్పిండు’ అని వాళ్లలోనే ఒకడు జవాబిస్తాడు. ఎవరూ పెట్టలేదు, ఎక్కడి నుంచీ దొర్లి రాలేదు. అవి పుట్టినచోటే ఉన్నాయి. చుట్టూ ఉన్నది పోయింది. ఈ ఒక్క మాట అర్థమైన పిల్లవాడు ఆ రోజంతా రాళ్లను వేరే చూపుతో చూస్తాడు. నాకు అంతకంటే కావలసింది లేదు.

ఇప్పుడు మనం పాత బొంబాయి రోడ్డు అంటున్నది ఈ ప్రాంతానికి మూల దారి. గోల్కొండ నుంచి షేక్‌పేట మీదుగా, రాయదుర్గం, గచ్చిబౌలి, లింగంపల్లి, పటాన్‌చెరు దాటుకొని పడమటికి పోయేది. షేక్‌పేటలో కుతుబ్‌షాహీల నాటి సరాయి ఇప్పటికీ ఉంది. బాటసారులు దిగడానికి గదులు, గుర్రాలకు ఒంటెలకు కొట్టాలు, పక్కనే మసీదు. ఆ కాలంలో ప్రయాణం అంటే ఏమిటో 17వ శతాబ్దంలో వజ్రాల కోసం గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియె రాసిపెట్టాడు. మన దేశంలో బియ్యం, గోధుమలు, ఉప్పు మోసే ఎద్దుల బిడారుల్లో ఒక్కో దాంట్లో పది పన్నెండు వేల ఎద్దులు ఉండేవట. ఇరుకు దారిలో అది ఎదురైతే, మొత్తం సాగిపోయేదాకా రెండు మూడు రోజులు కూడా ఆగవలసి వచ్చేదట. ఆ ఎద్దులను తోలిన బంజారాల పేరు గోల్కొండ కోటలో ఒక దర్వాజాకు ఉంది, తర్వాత ఒక కొండకూ వచ్చింది. ఈ గుట్టల్లో తొలి దారులు వాళ్ల ఎద్దుల గిట్టలు వేసినవే అయి ఉంటాయని నా నమ్మకం. ఎద్దు రాయిని పగలగొట్టదు, చుట్టి పోతుంది. పాత దారులు అంత వంకరగా ఉండడానికి కారణం అదే.

ఆ దారి పక్కనే ఒక సూఫీ సమాధి ఉంది. హుస్సేన్ షా వలీ దర్గా. హుస్సేన్‌సాగర్ కట్టించిన పెద్దమనిషి ఆయనే. 1560ల్లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో అంత చెరువు తవ్వించి, చివరికి ఈ గుండ్ల మధ్యకు వచ్చి ఒరిగాడు. ఉర్సుకు వచ్చే జనమే చాలాకాలం ఈ గుట్టలకు పెద్ద యాత్రికులు. కొంచెం అవతల ఖాజాగూడ గుట్ట మీద ఇంకా పాత సమాధి ఉంది. బహమనీ రాజ్యం స్థాపించిన సుల్తానుకు గురువు అని చెప్పే బాబా ఫక్రుద్దీన్‌ది. అదే గుట్టలో అనంత పద్మనాభ స్వామి వెలసిన గుహ, మెహర్ బాబా భక్తులు కొలిచే మరో గుహ. ముగ్గురి భక్తులూ ఒకే బండ ఎక్కి వస్తారు. మా అమ్మ ఏ గుహకైనా ఒకే తీరుగా దండం పెట్టేది.

దుర్గం చెరువు కథ వేరు. అది గోల్కొండ కోటకు తాగునీరు పంపిన చెరువు. చుట్టూ గుట్టలు కమ్ముకొని ఉండడం వల్ల ఒడ్డుకు చేరేదాకా నీళ్లు కనబడవు. రహస్య సరస్సు అన్న పేరు అందుకే వచ్చింది. నా చిన్నతనంలో దానికి రోడ్డు లేదు. గుండ్ల సందుల్లోంచి, సీతాఫలం చెట్ల కింద నుంచి వంగి పోయేవాళ్లం. బట్టలు ఉతకడానికి, ఈతకు, పశువులను కడగడానికి తప్ప వేరే పనిమీద ఎవరూ రాలేదు. చెరువు చూడడానికే ఒకడు వస్తాడని మాకు తెలియదు.

కొండను చూడడానికే రావడం అన్నది ఇటు బంజారాహిల్స్‌లో మొదలైంది. నిజాం ప్రభుత్వంలో అధికారి మెహదీ నవాజ్ జంగ్ ఎవరూ పోని ఆ గుట్ట మీద ఇల్లు కట్టుకున్నాడు. రాళ్లను తీసేయకుండా కలుపుకొని కట్టాడు. ఊరు దాటి అంత దూరం, ఆ రాళ్లలో కాపురమా అని జనం వింతగా చూశారు. 1933లో రవీంద్రనాథ్ టాగూర్ హైదరాబాద్ వచ్చినప్పుడు ఈ కొండల మీదే బస చేశాడు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. కొండ ఊరికి అతిథిగా వచ్చిన తొలి ప్రముఖుడు ఆయనే అని నేను పిల్లలకు చెప్తాను. మెహదీ నవాజ్ జంగ్ తర్వాత 1960లో గుజరాత్‌కు మొదటి గవర్నర్ అయ్యాడు. రెడ్‌హిల్స్‌లోని క్యాన్సర్ ఆస్పత్రి పేరులోని ఎం.ఎన్.జె. ఆయనే. ఆయన చూపిన పద్ధతిని, రాయిని ఉంచి ఇల్లు కట్టుకోవడాన్ని, వెనకాల వచ్చినవాళ్లు చాలామంది పట్టుకోలేదు. కొండ మీది గాలి మాత్రం అందరికీ కావలసి వచ్చింది. మోటారు ఉన్నవాళ్లకే ఆ కొండ అందేది, మోటారుకు రోడ్డు కావాలి, రోడ్డుకు రాయి అడ్డం.

1962లో చల్లగళ్ల నరసింహారెడ్డి పూనికతో జూబ్లీహిల్స్ సహకార గృహ నిర్మాణ సంఘం ఏర్పడింది. 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి గచ్చిబౌలి దగ్గర 2,300 ఎకరాలు దక్కాయి. 1976లో అక్కినేని నాగేశ్వరరావు బంజారాహిల్స్ రాళ్లలో అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచాడు. ఊరు ఇటు జరుగుతున్న కొద్దీ పునాదులకు, ప్రహరీలకు, రోడ్లకు రాయి కావలసి వచ్చింది. ఆ రాయి కొట్టడానికి పాలమూరు నుంచి, నల్గొండ నుంచి వడ్డెరలు వచ్చారు. మేమూ అట్లా వచ్చినవాళ్లమే.

నాయిన పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ గుట్టల్లో తిరిగేవాళ్లు రోజూ దాని గుర్తులు చూస్తారు, ఏమిటో తెలియక దాటిపోతారు. గుండును చీల్చే ముందు నాయిన దాని చుట్టూ తిరిగేవాడు. అరచేత్తో తడిమేవాడు. రాయికి పొర ఉంటుంది. పొర వెంట కొడితే మాట వింటుంది, అడ్డం కొడితే ఉలి మొద్దుబారుతుంది, రాయి చెడిపోతుంది. పొర దొరికాక గీత గీసేవాడు. గీత వెంట వరసగా చిన్న చిన్న గుంటలు ఉలితో తవ్వేవాడు. ఒక్కో గుంటలో ఇనప చీల దిగ్గొట్టి, సమ్మెటతో ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కో దెబ్బ వేసుకుంటూ పోయేవాడు, మళ్లీ మొదటికి వచ్చేవాడు. చాలాసేపు ఏమీ కాదు. తర్వాత చప్పుడు మారుతుంది. గణగణమనే చప్పుడు బొంగురుపోతుంది. ‘ఇగ దూరం జరుగు బిడ్డా’ అనేవాడు. ఇంకో రెండు దెబ్బలకు గుండు గీత వెంట రెండుగా విడిపోయేది. నేలకు పరిచినట్టుండే పరుపు బండ అయితే కట్టెలు పేర్చి మంట పెట్టేవాళ్లు. వేడికి పై పొర లేచేది. అమ్మ, మిగతా ఆడవాళ్లు ఆ ముక్కలను ఇంకా చిన్నగా కొట్టి కంకర చేసేవాళ్లు. ఆమె కుడి చేతి బొటనవేలు చివరిదాకా సరిగా వంగలేదు.

ఖాజాగూడ గుట్ట మీద, దుర్గం చెరువు ఒడ్డున, చాలా గుండ్ల అంచుల్లో ఆ గుంటల వరసలు ఇప్పటికీ ఉన్నాయి. కొన్ని గుండ్లకు గుంటలు తవ్వి వదిలేసి ఉంటారు. అంటే పొర దొరకలేదన్నమాట, లేదా ఆ రోజు కూలి అక్కడితో ఆగిపోయిందన్నమాట. వాటిని కోటకాలం నాటి శాసనాలేమో అని ఫొటోలు తీసుకునేవాళ్లను చూశాను. శాసనాలు కావు గాని, చరిత్రే. ఈ నగరాన్ని కట్టిన చేతుల గుర్తులు అవి. పురావస్తువులకు ఇచ్చే గౌరవం వాటికీ ఇవ్వాలని నేను గట్టిగా అంటాను.

తర్వాత కంప్రెషర్ వచ్చింది, మందు పెట్టి పేల్చడం వచ్చింది. నాయిన వారం పట్టి చీల్చే గుండు ఒక మధ్యాహ్నంలో పోయేది. ఈల ఊదగానే పిల్లలందరం గుడిసెల్లోకి దూరేవాళ్లం. రేకుల మీద పలుకులు రాలేవి. చేతి పనివాళ్లకు ఆ తర్వాత పెద్ద గుండ్లు దక్కలేదు, ప్రహరీ రాళ్లే మిగిలాయి.

1992లో శిల్పారామం వచ్చింది. మాదాపూర్‌కు జనం చూడడానికి రావడం అప్పుడు మొదలైంది. అందులో ఎలుగుబంటి మూతిలా కనిపించే గుండు ఒకటి ఉంది, ఇంగ్లీషులో బేర్స్ నోస్ అంటారు. అంగళ్లు, ఉయ్యాలలు చూసి దాన్ని చూడకుండా వెళ్లేవాళ్లే ఎక్కువ. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. పది అంతస్తుల గుండ్రటి కట్టడం. దానితో మా గుట్టల బతుకే మారిపోయింది. ఊరి నుంచి చుట్టాలొస్తే ముందు చార్మినార్ అడిగేవాళ్లు కదా, అప్పటి నుంచి ‘బావా, గా హైటెక్ సిటీ జూపియ్యవా’ అని దిగీ దిగగానే అడిగేవాళ్లు. బడుల ఎక్స్‌కర్షన్ బస్సులు గోల్కొండ చూపించి ఇటు వచ్చేవి. కోటి నుంచి 127కె, సికింద్రాబాద్ నుంచి 10హెచ్. ఆ రెండు బస్సులే మాకు ప్రపంచం. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటాక రోడ్డు గుండ్ల మధ్య దిగుతూ ఎక్కుతూ పోయేది. కిటికీ పక్కన కూర్చున్నవాడికి ఊటీ బస్సు ఎక్కినంత సంబరం. అది నిజంగా కొండ దారి. ‘శిల్పారామం, హైటెక్, కొత్తగూడ, కొండాపూర్’ అని కండక్టర్ అరుస్తుంటే చుట్టాలు లేచి నిలబడేవాళ్లు. బస్సు దొరకనప్పుడు షేర్ ఆటో, డ్రైవర్‌కు అటొకరు ఇటొకరు.

దిగాక చూసేదేముంది? ఐడీ కార్డు లేనివాడిని లోపలికి పోనివ్వరు. గేటు ముందు నిలబడి ఫొటో దిగేవాళ్లు. అప్పుడు నేను వాళ్లను వెనక్కి తిప్పి గుట్ట చూపేవాణ్ని. ‘రాళ్లే కదరా, మన ఊళ్లె లేవా?’ అని మా చిన్నమ్మ అంది. ఉన్నాయి, అక్కడా ఉన్నాయి. తెలంగాణ అంతటా ఉన్నాయి. ఒక మహానగరం నడిబొడ్డున, గాజు మేడల మధ్య, 250 కోట్ల ఏళ్ల రాయి నిలబడి ఉండడం మాత్రం ప్రపంచంలో అరుదు.

2003లో ఎం.ఎం.టి.ఎస్. రైలు హైటెక్ సిటీ స్టేషన్‌తో వచ్చింది. 2019 మార్చి 20న అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి మెట్రో నడిచింది, అదే ఏడు నవంబరు 29న రాయదుర్గం దాకా సాగింది. 2020 సెప్టెంబరు 25న దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరిచారు. వంతెన మీద నిలబడినవాడికి రహస్య సరస్సు మొత్తం ఒక్క చూపులో కనిపిస్తుంది. మొదట్లో శని, ఆదివారాలు వాహనాలు ఆపి నడిచేవాళ్లకే వదిలారు. కుటుంబాలు టిఫిన్ డబ్బాలతో వచ్చి సాయంత్రాలు గడిపాయి. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లను నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. నడిచి చూడడానికి ఈ ప్రాంతంలో జనానికి ఎంత ఆకలి ఉందో ఆ సాయంత్రాలు చూపాయి. చెరువులో స్తంభం దించకుండా 234 మీటర్లు దాటించగలిగిన ఇంజనీర్లకు, ఒక గుండును చుట్టి రోడ్డు మళ్లించడం అసాధ్యమైన పని కాదు. ఎద్దులు తోలినవాళ్లు చేసిన పనే అది.

ఇప్పుడు ఈ కొండ ఊరు చేరడం సులువు, తిరగడం కష్టం. మెట్రో దిగి ఖాజాగూడ గుట్టకు గాని, దర్గా దగ్గరి రాళ్లకు గాని నడుస్తూ పోదామంటే ఫుట్‌పాత్ ఉన్నట్టే ఉండి తెగిపోతుంది. పిల్లల గుంపుతో రోడ్డు దాటడం నాకు ప్రతిసారీ గుండె దడ. బయోడైవర్సిటీ చౌరస్తా, మైండ్‌స్పేస్ చౌరస్తా ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు కార్ల కోసం బాగానే కుదిరాయి. నడిచేవాడిని లెక్కలో వేసుకోలేదు.

గుట్టలను కాపాడాలన్న మాట కొత్తది కాదు. 1996లో రాళ్ల పరిరక్షణ కోసం సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడింది. ఐఏఎస్ అధికారి, హైదరాబాద్ చరిత్ర రాసిన నరేంద్ర లూథర్ దానికి పెద్ద దిక్కుగా నిలిచాడు. రాళ్ల మీద డాక్యుమెంటరీ తీశాడు, సొంత ఇంటిని కూడా రాళ్లను వదలకుండా కట్టుకున్నాడు. వాళ్లు నడకలు పెట్టి జనాన్ని గుట్టల్లోకి తీసుకుపోయారు. వాళ్ల పట్టుదలతో అప్పటి నగరాభివృద్ధి సంస్థ హుడా వారసత్వ జాబితాలో తొమ్మిది రాతి సమూహాలు చేరాయి. శిల్పారామంలోని బేర్స్ నోస్, దుర్గం చెరువు దగ్గరి క్లిఫ్ రాక్, చెరువు చుట్టూ ఉన్న గుట్టలు, విశ్వవిద్యాలయం వైపు మష్రూమ్ రాక్, పాత బొంబాయి రోడ్డు మీద దర్గా దగ్గరి రాక్ పార్క్ ఇటువైపువే. ఆ జాబితాలోని భవనాలకు, రాళ్లకు రక్షణ ఇచ్చిన నిబంధనను 2015లో తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. చట్టం ఉన్నంత మాత్రాన గుండు నిలవదు. జాబితాలో ఉన్న రాయి పక్కనే జాబితాలో లేని రాయి రాత్రికి రాత్రి పోతుంది. పక్క రాయి పోయాక ఉన్నది ఒంటరిదవుతుంది.

2025 వసంతంలో విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు నరకడం మొదలైనప్పుడు విశ్వవిద్యాలయం పిల్లలు అడ్డం నిలిచారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పని ఆపమంది. ఆ వార్త వచ్చిన మర్నాడు నా తరగతిలో పాఠం పక్కనపెట్టి ఆ గుట్టల పటం బోర్డు మీద వేశాను. అక్కడ ఏ రాయి ఎక్కడుందో పిల్లలే గుర్తులు పెట్టారు.

మన నగరపాలక సంస్థకు నేను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. షేక్‌పేట సరాయి నుంచి హుస్సేన్ షా వలీ దర్గాకు, అక్కడి నుంచి ఖాజాగూడ గుట్టకు, దుర్గం చెరువుకు, శిల్పారామానికి ఒక నడక దారి కలపండి. రాయిని పగలగొట్టకుండా, చుట్టి పోయే దారి. మలుపు మలుపుకూ ఏ గుండు ఏదో, దాని వయసెంతో, దాని మీది ఉలి గుంటలు ఎవరివో తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో రాసిన పలక పెట్టండి. చుట్టూ ఉన్న ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు ఊటీకి సెలవు పెట్టేముందు ఈ దారి ఒకసారి నడుస్తారు.

చదివేవాళ్లకు కూడా ఒక మాట. ఖాజాగూడ గుట్ట ఎక్కాలంటే ఎండ ముదరకముందే తెల్లవారుజామున రండి, గట్టి చెప్పులు వేసుకోండి, నీళ్లు తెచ్చుకోండి, సీసాలు వెంట తీసుకుపోండి. గుండు మీద పేర్లు రాయకండి. మీ కాలనీలోనో, మీ ఆఫీసు ఆవరణలోనో ఒక గుండు మిగిలి ఉంటే, దాన్ని తీసేయాలని మీటింగులో ఎవరైనా అన్నప్పుడు మీరు లేచి వద్దనండి.